పొర వేగం వంద రెట్లు పెరిగితే కరెంటు ఖర్చు ఎంత తగ్గుతుంది?

క్లుప్తంగా: ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పొరల గురించి వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం వేగం చుట్టూనే తిరుగుతాయి. పొర నీటిని ఎంత వేగంగా వదిలినా, ఉప్పు నుంచి నీటిని విడదీయడానికి కావలసిన కనీస శక్తి మాత్రం మారదు. సముద్రపు నీటి ప్లాంట్లు ఇప్పటికే ఆ హద్దుకు దగ్గరగా వచ్చాయి. మిగిలిన లాభం పొర ఎంపికలో (ఏది దాటాలో, ఏది ఆగాలో తేల్చే గుణంలో), మురికి పట్టకుండా ఉండటంలో, మన్నికలో ఉంది. ఈ సంగతి కెమికల్ ఇంజినీరింగ్ తరగతిలో చెప్పే రెండు మూడు సమీకరణాలతోనే తేలుతుంది.

2012లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు కంప్యూటర్‌లో ఒక లెక్క చేశారు. ఒకే ఒక్క పరమాణువు మందం ఉండే గ్రాఫీన్ రేకుకు నానోమీటరు స్థాయి రంధ్రాలు పెడితే, అది ఉప్పును ఆపుతూ నీటిని అప్పటి ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్, అంటే పీడనంతో నీటిని పొర గుండా తోసి ఉప్పును ఆపే పద్ధతి) పొరలకంటే వందల రెట్లు వేగంగా వదలగలదని తేలింది. రెండేళ్లకు, 2014లో, ఆ పని చేసినవాళ్లే మరికొందరితో కలిసి ఇంకో ప్రశ్న వేసుకున్నారు. అలాంటి పొర నిజంగా చేతికొస్తే ప్లాంటుకు ఎంత మిగులుతుంది? వేగం మూడు రెట్లు పెరిగితే సముద్రపు నీటి ప్లాంటులో ఆదా అయ్యే శక్తి సుమారు 15 శాతమేనని జవాబు వచ్చింది. ఆపైన వేగం ఎంత పెంచినా అదనంగా కలిసొచ్చేది కొద్దిగానే.

మొదటి ఫలితం పెద్ద వార్త అయ్యింది. రెండోది మాత్రం చాలావరకు ఆ రంగంలో పనిచేసేవాళ్ల మధ్యే ఉండిపోయింది. పాఠకులకు ఎక్కువగా ఉపయోగపడేది ఆ రెండోదే. పొరల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ పొద్దున తరగతిలో బోర్డు మీద రాసేదీ, మధ్యాహ్నం ల్యాబ్‌లో తలపట్టుకునేదీ ఈ రెండు ఫలితాల మధ్య ఉన్న దూరం గురించే.

## తరగతిలో ఈ పాఠం ఎందుకు తికమక పెడుతుంది

కెమికల్ ఇంజినీరింగ్‌ను ఒక పాఠంగా మొదట చెప్పినవాళ్లలో జార్జ్ డేవిస్ ఒకరు. 1887లో మాంచెస్టర్‌లో ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాల్లో ఆయన సబ్బు, ఆమ్లం, రంగు అంటూ ఒక్కో పరిశ్రమను విడిగా వివరించలేదు. మరిగించడం, ఆరబెట్టడం, వడపోయడం లాంటి అన్ని పరిశ్రమల్లోనూ కనిపించే పనులను పట్టుకుని చెప్పారు. 1915లో ఆర్థర్ డి. లిటిల్ వాటికి ‘యూనిట్ ఆపరేషన్స్’ అని పేరు పెట్టారు. ఇప్పటికీ పాఠ్యక్రమం అదే దారిలో నడుస్తోంది.

ఆ వరుసలో పెద్దపీట డిస్టిలేషన్‌ది, అంటే మరిగించి ఆవిరి పట్టి విడదీయడానిది. ఆవిరికీ ద్రవానికీ కావలసినంత సమయం ఇస్తే వాటిలోని పదార్థాలు ఏ పాళ్లలో సర్దుకుంటాయన్నదే దానికి ఆధారం. 1925లో మెకేబ్, థీల్ చూపించిన పద్ధతిలో గ్రాఫ్ కాగితం మీద మెట్లు గీస్తే డిస్టిలేషన్ జరిగే పొడవాటి గోపురానికి, అంటే కాలమ్‌కు, లోపల ఎన్ని ట్రేలు (పళ్లేలు) కావాలో తెలిసిపోతుంది. విద్యార్థి మనసులో విడదీయడం అంటే సమతాస్థితి (ఇక మార్పు లేకుండా సర్దుకున్న స్థితి) అన్న మాట అక్కడ గట్టిగా నాటుకుంటుంది.

పొర దగ్గరికి వచ్చేసరికి అది తలకిందులవుతుంది. పొరకు రెండువైపులా సమతాస్థితి వచ్చిందంటే పని ఆగిపోయినట్టే. నీరు, ఉప్పు రెండూ పొరను దాటుతాయి. ఒకటి వేగంగా, ఇంకొకటి బాగా నెమ్మదిగా దాటుతుంది. ఆ వేగాల తేడాయే విడదీయడం. అందుకే పొరల పాఠం ఎప్పుడూ రెండు ప్రశ్నలతో మొదలవుతుంది: తోస్తున్నది ఏది, అడ్డుకుంటున్నది ఏది?

ఆర్‌ఓలో నీటిని తోసేది పంపు పీడనంలోంచి ద్రవాభిసరణ పీడనాన్ని (మంచినీటిని తనంతట తానే ఉప్పునీటి వైపు లాగే తోపును) తీసేస్తే మిగిలేది. ఉప్పును తోసేది మాత్రం రెండువైపులా ఉన్న గాఢతల తేడా. దీన్నుంచి విద్యార్థులను ఆశ్చర్యపరిచే ఫలితం ఒకటి వస్తుంది. మామూలు జల్లెడ మీద గట్టిగా నొక్కితే మడ్డి కూడా కిందికి దిగుతుంది. ఆర్‌ఓ పొర మీద పీడనం పెంచితే నీటి వేగం పెరుగుతుంది కానీ ఉప్పు వేగం దాదాపు అలాగే ఉంటుంది. అంటే గట్టిగా నొక్కినకొద్దీ బయటికొచ్చే నీటిలో ఉప్పు పలచబడుతుంది. ఆర్‌ఓ అంటే చాలా సన్నని జల్లెడ అన్న ఊహ ఇక్కడే చెదిరిపోతుంది.

పొరలన్నీ ఇలా పనిచేయవు. మైక్రోఫిల్ట్రేషన్ పొరల రంధ్రాలు సుమారు 0.1 నుంచి 10 మైక్రాన్లు, అల్ట్రాఫిల్ట్రేషన్‌వి కొన్ని నానోమీటర్ల నుంచి 100 నానోమీటర్ల దాకా ఉంటాయి. ఇవి చాలావరకు జల్లెడలే. నానోఫిల్ట్రేషన్ పొరలో రంధ్రం ఒక నానోమీటరు దగ్గర ఉంటుంది, పొర మీది విద్యుదావేశం కూడా పనిచేస్తుంది. ఆర్‌ఓ పొరలో స్థిరమైన రంధ్రం అని చూపించడానికి ఏమీ ఉండదు. ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య సందులే ఉంటాయి.

## పీడనం లెక్క: అసలు హద్దు ఎక్కడుంది

1748లో ఫ్రాన్స్‌లో జాన్ ఆంట్వాన్ నొల్లే ఒక పాత్రలో సారాయి నింపి, మూతిని పంది మూత్రాశయపు తోలుతో బిగించి నీటిలో ముంచాడు. కాసేపటికి తోలు ఉబ్బింది. నీరు తనంతట తాను లోపలికి వెళ్లింది. ఆ తోపు ఎంత ఉంటుందో లెక్కగట్టే సూత్రాన్ని 1887లో వాంట్ హాఫ్ ఇచ్చారు. 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది.

లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటికి ఆ పీడనం దాదాపు 27 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి పీడనం). అంటే 27 బార్ దాకా తోసినా మంచినీటి చుక్క రాదు. ఆపైన తోసినప్పుడే నీరు తిరుగుదారి పడుతుంది. ప్లాంటులో ఇంకో చిక్కు ఉంది. లోపలికి వెళ్లిన నీటిలో సగాన్ని మంచినీరుగా తీసుకుంటే, మిగిలిన సగంలో ఉప్పు రెట్టింపవుతుంది. పొర చివరి భాగం ఎదుర్కొనేది 27 కాదు, సుమారు 54 బార్.

పీడనాన్ని శక్తిగా మార్చడం తేలిక. ఒక ఘనపు మీటరు నీటిని 36 బార్‌తో తోయడానికి సరిగ్గా ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్ అవర్ పడుతుంది. ఉప్పునీటితో పాటు బయటికిపోయే పీడనాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చుకున్నామనుకుందాం. అప్పుడు 54 బార్‌కు ఘనపు మీటరు మంచినీటికి సుమారు ఒకటిన్నర యూనిట్లు. పొర వేగం అనంతమైనా ఒకే దశలో నడిచే ప్లాంటు దీనికంటే కిందికి దిగలేదు. ప్లాంటును ఎన్నో చిన్న చిన్న దశలుగా విడగొట్టి, పీడనాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతే చేరుకోగల అట్టడుగు హద్దు సుమారు 1.06 యూనిట్లు.

మరి ఇప్పటి ప్లాంట్లు ఎక్కడున్నాయి? చాలావాటిలో పంపు పీడనం 55 నుంచి 70 బార్ మధ్య ఉంటుంది. బయటికిపోయే ఉప్పునీటి పీడనాన్ని లోపలికొచ్చే నీటికి అందించే పరికరాలు 95 శాతానికి పైగా సామర్థ్యంతో పనిచేస్తున్నాయి. పొర దశ ఒక్కదానికే రెండు యూనిట్లకు కాస్త అటూఇటూ, సముద్రం నుంచి నీరు తోడడం, ముందస్తు శుద్ధి అన్నీ కలిపితే మూడు నుంచి నాలుగు యూనిట్లు ఖర్చవుతున్నాయి. పొరను ఎంత మెరుగుపరిచినా ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఉన్న ఆ కొద్ది జాగాలోనే మిగులు వెతుక్కోవాలి. 15 శాతం అన్న అంకె పుట్టింది అక్కడే.

నీటిని మరిగించి ఆవిరి పట్టే పద్ధతితో పోలిస్తే ఇది ఎంత పెద్ద ప్రయాణమో అర్థమవుతుంది. ఒక ఘనపు మీటరు నీటిని ఆవిరి చేయడానికి కావలసిన వేడి సుమారు 627 యూనిట్లు. ఆ వేడిని పదేపదే వాడుకునే ఏర్పాట్లున్నా ఆవిరి ప్లాంట్లు శక్తి విషయంలో ఆర్‌ఓ దరిదాపుల్లోకి రాలేకపోయాయి. అసలు విప్లవం అప్పుడే జరిగిపోయింది.

## గోడ దగ్గర పేరుకునే ఉప్పు

వేగం పెంచితే ఇంకో ఇబ్బంది ముందుకొస్తుంది. నీరు పొర వైపు పరుగెడుతూ ఉప్పును కూడా మోసుకొస్తుంది. నీరు దాటిపోతుంది, ఉప్పు గోడ దగ్గరే మిగిలిపోతుంది. అక్కడ పేరుకున్న ఉప్పు విసరణ (ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు తనంతట తాను పాకడం) ద్వారా మెల్లగా వెనక్కి వెళ్లాలి. ఈ పేరుకుపోవడాన్ని కాన్సంట్రేషన్ పోలరైజేషన్ అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. సముద్రపు నీటి పొరల నుంచి సాధారణంగా చదరపు మీటరుకు గంటకు సుమారు 15 లీటర్ల మంచినీరు తీస్తారు. ఉప్పు వెనక్కి వెళ్లే వేగాన్ని అవే కొలతల్లో 100 అనుకుంటే, గోడ దగ్గర గాఢత మిగతా నీటికంటే దాదాపు 16 శాతం ఎక్కువ ఉంటుంది. భరించదగ్గదే. ఇప్పుడు పదిరెట్లు వేగమైన పొర పెట్టి గంటకు 150 లీటర్లు లాగాలని చూద్దాం. ఇది ఎక్స్‌పొనెన్షియల్ లెక్క (వేగం పెరిగినకొద్దీ గాఢత రెట్ల మీద రెట్లు పెరిగే లెక్క) కాబట్టి గోడ దగ్గర గాఢత పదింతలు కాదు, 16 శాతానికి పదింతలూ కాదు. ఏకంగా దాదాపు నాలుగున్నర రెట్లు అవుతుంది. అక్కడి ద్రవాభిసరణ పీడనం 120 బార్ దాటుతుంది. 60 బార్ పంపుతో ఆ నీటిని తోయడం కుదరదు. నీరు ఆ వేగాన్ని అందుకోకముందే దాని వేగం దానికే అడ్డుపడుతుంది.

ఎంఐటీ అంచనాల్లోనే ఇంకో అంకె ఉంది. మూడు రెట్లు వేగమైన పొరతో శక్తికి బదులు పరికరాలను తగ్గించుకోవాలనుకుంటే, సముద్రపు నీటి ప్లాంటులో పీడన గొట్టాలు 44 శాతం తగ్గుతాయి. కాబట్టి వేగం వల్ల ఉపయోగమే లేదనడం కూడా తప్పే. ప్లాంటు చిన్నదవుతుంది. అయితే గోడ దగ్గరి ఉప్పును కదిలించేలా మాడ్యూల్ (పొరలను అమర్చిన పెట్టె) లోపలి దారులను, పొరల మధ్య పెట్టే వలలను కొత్తగా రూపొందించాలి. ఉప్పు తక్కువగా ఉండే భూగర్భ జలాల విషయం వేరు. అక్కడ ద్రవాభిసరణ పీడనం చిన్నది, పొర నిరోధమే పెద్దది. అందుకే అదే మూడు రెట్ల వేగం అక్కడ 46 శాతం దాకా శక్తిని ఆదా చేయగలదు. వార్త చదివేటప్పుడు ఏ నీటి గురించి మాట్లాడుతున్నారన్నది మొదట చూడాల్సింది ఇందుకే.

## పలచదనం కథ

ఈ రంగంలో వేగం నిజంగా చరిత్రను మార్చిన సందర్భం ఒకటుంది. 1950ల చివర్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్, బ్రెటన్ సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ ఉప్పును బాగా ఆపుతుందని చూపించారు. కానీ నీరు చాలా నెమ్మదిగా వచ్చేది. పొరను పలచన చేస్తే వేగం పెరుగుతుంది, అయితే పీడనానికి చిరిగిపోతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ ప్రాంగణంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ ఆ ముడి విప్పారు. వాళ్లు పోసిన పొర మొత్తం మందం వంద మైక్రాన్ల దరిదాపుల్లో ఉన్నా, ఉప్పును ఆపే గట్టి చర్మం పైన ఒక మైక్రాన్‌లో చిన్న వంతు మాత్రమే. కింద ఉన్నదంతా స్పాంజిలా గుల్ల. బలం గుల్లది, ఎంపిక చర్మానిది. అలాంటి పొర సరైన ముఖం ఉప్పునీటి వైపు ఉంటేనే పనిచేస్తుంది. నీటి వేగం సుమారు పది రెట్లు పెరిగింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణంలో ఈ పొరలతో ఉప్పదనం ఉన్న నీటిని తాగునీరుగా మార్చడం మొదలైంది.

1970ల్లో జాన్ కాడోటే ఆ చర్మాన్నీ గుల్లనూ వేర్వేరు పదార్థాలతో చేశారు. ఒక రసాయనాన్ని నీటిలో, ఇంకోదాన్ని నీటిలో కలవని ద్రవంలో కరిగించి, రెండూ కలిసే అంచు మీదే పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్ పొర పుట్టేలా చూశారు. ఇప్పటి ఆర్‌ఓ పొరల్లో ఎక్కువ భాగం ఆ పద్ధతి సంతానమే. ఆ పొర పుట్టగానే తనను పుట్టించే రెండు రసాయనాల మధ్య తానే అడ్డుగా నిలబడుతుంది. ఎక్కడైనా సందు మిగిలితే రసాయనాలు అక్కడే కలిసి దాన్ని పూడుస్తాయి. తన చిల్లులను తానే కుట్టుకునే పొర అది.

వాయువులను విడదీసే పొరలకు ఆ అదృష్టం లేదు. అక్కడ సూదిమొన చిల్లు కూడా మొత్తం పనిని పాడుచేస్తుంది. మోన్‌శాంటో సంస్థలో హెనిస్, ట్రిపోడీ దోషం లేని పొర కోసం ఎదురుచూడకుండా, దోషాలున్న పొర మీద పలచగా సిలికోన్ రబ్బరు పూసి చిల్లులు మూశారు. 1980 నాటికి హైడ్రోజన్‌ను వేరుచేసే వాళ్ల పొరలు పరిశ్రమలోకి వచ్చాయి. రెండు తరాల విద్యార్థులకు ఇంజినీరింగ్ ఆలోచన అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

## వేగానికీ ఎంపికకూ మధ్య బేరం

ప్లాస్టిక్ గొలుసుల మధ్య సందులు పెద్దవి చేస్తే అన్నీ వేగంగా దాటుతాయి, వద్దనుకున్నవి కూడా. చిన్నవి చేస్తే ఎంపిక పెరుగుతుంది, వేగం పడిపోతుంది. వాయువుల సంగతే చూస్తే, ఆక్సిజన్, నైట్రోజన్ అణువుల వ్యాసాలు సుమారు 3.46, 3.64 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ నానోమీటరులో పదో వంతు). అంత చిన్న తేడాను పట్టుకోవాలి. 1991లో లాయిడ్ రోబ్సన్ అప్పటిదాకా వాయువుల పొరల మీద కొలిచిన ఫలితాలన్నిటినీ ఒకే గ్రాఫ్ మీద పెట్టి చూస్తే, ఏ ప్లాస్టిక్కూ దాటలేని ఒక గీత కనిపించింది. కొత్త పదార్థాలు రావడంతో 2008లో ఆయనే ఆ గీతను పైకి జరిపారు. బేరం మాత్రం పోలేదు.

నీటి పొరల్లో ఎంపిక విలువ శాతాల వెనుక దాక్కుంటుంది. 99 శాతం ఉప్పును ఆపే పొర, 99.8 శాతం ఆపే పొర చూడ్డానికి పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. మొదటిది నూటికి ఒకటి వదిలితే, రెండోది అయిదు వందలకు ఒకటి వదులుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పుతో మొదలుపెడితే ఒకదాని నుంచి 350 మిల్లీగ్రాములు, ఇంకోదాని నుంచి 70 మిల్లీగ్రాములు వస్తాయి. ఆపినదాన్ని కాకుండా వదిలినదాన్ని చూడటం అలవాటైతే చాలా ప్రకటనలు వేరేలా కనిపిస్తాయి.

బోరాన్ ఇంకో ఉదాహరణ. సముద్రపు నీటిలో అది ఎక్కువగా ఆవేశం లేని బోరిక్ ఆమ్లంగా ఉంటుంది. చిన్న అణువు కావడంతో ఉప్పు ఆగిన చోట అది జారిపోతుంది. కావలసినంత తగ్గించడానికి చాలా చోట్ల నీటి క్షారతను పెంచి రెండోసారి పొర గుండా పంపాల్సి వస్తుంది. ఎంపిక మెరుగైతే ఆ రెండో దశే పోతుంది. వేగం ఎంత పెరిగినా ఆ పని చేయలేదు.

## బిళ్ల నుంచి చుట్ట దాకా

ల్యాబ్‌లో పొర పుట్టే తీరు చూడ్డానికి సాదాగా ఉంటుంది. ప్లాస్టిక్‌ను ద్రావకంలో కరిగించి, గాజు పలక మీద పోసి, కత్తిలాంటి పట్టీతో సమంగా లాగి, పలకను నీటి తొట్టెలో ముంచుతారు. ద్రావకం నీటిలోకి, నీరు ఫిల్మ్‌లోకి వెళ్లి ప్లాస్టిక్ గడ్డకడుతుంది. గాలిలో తేమ, తొట్టె వేడి, ముంచేముందు ఆగిన సెకన్లు, వీటిలో ఏది మారినా పొర మారుతుంది. నిన్నటి పొర ఇవాళ మళ్లీ రాకపోవడం కొత్త పరిశోధక విద్యార్థికి మొదటి టెన్షన్. ఓపికగా ఒక్కో అంశాన్నీ విడదీసి చూడటం నేర్పడమే ప్రొఫెసర్ పని.

తర్వాత పొర నుంచి సుమారు అయిదు సెంటీమీటర్ల బిళ్ల కోసి స్టీలు సెల్‌లో బిగిస్తారు. మొదటి కొన్ని గంటలు పీడనానికి పొర అణుగుతూ వేగం తగ్గుతూ ఉంటుంది. అది నిలకడకు రాకముందు తీసిన అంకె పనికిరాదు. పరీక్షకు ఏ నీరు వాడారన్నదీ ముఖ్యమే. తక్కువ ఉప్పు నీటి పొరలను లీటరుకు 2,000 మిల్లీగ్రాముల ఉప్పుతో 15.5 బార్ వద్ద, సముద్రపు నీటి పొరలను 32,000 మిల్లీగ్రాములతో 55 బార్ వద్ద పరీక్షించడం రివాజు. మొదటి పరీక్షలో గెలిచిన పొర రెండోదాంట్లోనూ గెలుస్తుందని ఏమీ లేదు.

ప్లాంటులో పొరను చుట్టి వాడే ఎనిమిది అంగుళాల చుట్టలో పొర విస్తీర్ణం సుమారు 37 చదరపు మీటర్లు, అంటే ఆ బిళ్లకు పద్దెనిమిది వేల రెట్లకు పైగా. పెద్ద ప్లాంటులో ఇలాంటి చుట్టలు వేలల్లో ఉంటాయి. 99.8 శాతం ఆపే పొరలో, బయటికొచ్చే నీటిలో అయిదు వందల వంతు ఏదైనా చిల్లు గుండా నేరుగా వచ్చినా ఉప్పు రెట్టింపవుతుంది. గ్రాఫీన్ లాంటి పదార్థాలు ఇంకా ఎక్కువగా ఆగిపోతున్నది ఇక్కడే. తన చిల్లులను తానే కుట్టుకునే గుణం వాటికి లేదు.

## ఇంకా తేలని ప్రశ్న

ఆర్‌ఓ పొర లోపల నీరు ఎలా కదులుతుంది? 1965లో లాన్స్‌డేల్, మెర్టెన్, రైలీ ఇచ్చిన వివరణ ప్రకారం నీరు పొరలో కరిగి, అణువులుగా విసరణ చెంది, అవతల బయటపడుతుంది. దశాబ్దాలుగా తరగతుల్లో చెప్పింది ఇదే. 2023లో మెనాకెమ్ ఎలిమెలెక్, సహచరులు దీన్ని సవాలు చేశారు. నీరు గుంపులుగా, పొరలోని అతిసన్నని రంధ్రాల అల్లిక గుండా, పీడనం తేడా వల్లే ప్రవహిస్తుందని వాళ్ల వాదన. అందరూ ఒప్పుకోలేదు. ప్లాంటు లెక్కలు దీనివల్ల మారవు, ఎందుకంటే రెండు చిత్రాల్లోనూ నీటి వేగం మిగులు పీడనానికి అనుపాతంలోనే ఉంటుంది. కొత్త పదార్థం వెతికేవాళ్లకు మాత్రం తేడా పెద్దది. నీటిని ఎక్కువగా కరిగించుకునే ప్లాస్టిక్ కోసం వెతకాలా, సందుల అల్లికను సరిచేయాలా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. తేలని వాదనను విద్యార్థుల ముందు తేలనిదిగానే పెట్టడం మంచి బోధన.

## ఎక్కడ మార్పు రావచ్చు

పాలిఅమైడ్ పొరకు క్లోరిన్ పడదు. అందుకే చాలా ప్లాంట్లలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలిపి, పొర చేరేలోపు దాన్ని బైసల్ఫైట్ అనే రసాయనంతో తీసేస్తారు. మిగిలిన క్రిములు పొర మీద జిగురులా పెరుగుతాయి. పీడనం పెంచాల్సి వస్తుంది, కడగడానికి ప్లాంటు ఆపాల్సి వస్తుంది. క్లోరిన్‌ను తట్టుకుంటూ ఉప్పును ఇంతే బాగా ఆపే పొర వస్తే రోజువారీ నిర్వహణ మొత్తం తేలికపడుతుంది. వందరెట్ల వేగం కంటే ప్లాంటు నడిపేవాళ్లకు ఇదే కావాలి.

రెండో దారి నీటి బయట ఉంది. 2016లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ షోల్, ర్యాన్ లైవ్లీ రాసిన దాని ప్రకారం అమెరికా వాడే మొత్తం శక్తిలో 10 నుంచి 15 శాతం రసాయనాలను విడదీయడానికే పోతోంది. అందులో చాలావరకు మరిగించడమే. ముడి చమురు, ద్రావకాలు, మందుల తయారీలో వాడే ద్రవాలను మరిగించకుండా పొరతో విడదీయగలిగితే ఆదాకు ఉన్న జాగా సముద్రపు నీటి ప్లాంటులో ఒకటిన్నర యూనిట్లకూ రెండుకూ మధ్య ఉన్నంత చిన్నది కాదు. అయితే చాలా ప్లాస్టిక్ పొరలు ఆ ద్రవాల్లో ఉబ్బుతాయి, కొన్ని కరిగిపోతాయి. ఉబ్బిన పొరలో సందులు తెరుచుకుని ఎంపిక పోతుంది. పొర గొలుసులను ఒకదానికొకటి రసాయనికంగా ముడివేయడం, సిరామిక్, కార్బన్ పొరలు వాడటం లాంటి దారులు ల్యాబ్‌లలో నడుస్తున్నాయి. ఆ బిళ్లలను కూడా స్టీలు సెల్‌లో బిగించి, వేగం నిలకడకు వచ్చేదాకా గంటల తరబడి కాపలా కాయాల్సిందే.